వదిన నీళ్ళలో ఇంకొకావిడ

ఆవిడ అసలు పేరు కట్టుకున్నవాడికి కూడా ఆలోచిస్తే తప్ప గుర్తుకు రాదు. వీధంతా నీళ్ళక్క అనే పిలుస్తుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, కుళాయి దగ్గర బకెట్లతో కొట్లాడే మనిషి కాబోలనుకుంటారు. అసలు సంగతి తెలిశాక మాత్రం ఆవిడ ఎదురొస్తే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు.

సంగతేమిటంటే, నీళ్ళక్క పెద్దాస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. జబ్బు చేసినవాళ్ళకి పొట్టలోనో, ఊపిరితిత్తుల చుట్టూనో నీళ్ళు చేరుతుంటాయి. డాక్టర్లు వాటిని సూదితో లాగి సీసాలో పట్టి కిందికి పంపిస్తారు. ఆ నీళ్ళలో క్యాన్సరు దాక్కుందా, లేక ఉత్తి వాపేనా తేల్చాలి. సగం పని నీళ్ళక్క చేతులది, సగం పని ల్యాబు డాక్టరమ్మ కళ్ళది. ఆ సీసాలు చూసి చూసి నీళ్ళక్కకి మనుషులు కూడా గాజుసీసాల్లా కనిపిస్తారని, చొక్కా వేసుకున్నా లోపల నీటి మట్టం ఎంతుందో చెప్పేస్తుందని వీధిలో పుకారు. ఒకసారి సెలూనాయన పొట్ట వంక అదే పనిగా చూసింది. నిజానికి ఆయన ఒక గుండీ తప్పుడు కాజాలో పెట్టుకున్నాడు, అంతే. ఆ మనిషి కత్తెర అక్కడే పడేసి, సగం జుట్టు కత్తిరించిన గిరాకీని కుర్చీలోనే వదిలేసి ఆస్పత్రికి పరిగెత్తాడు. ఆ గిరాకీ ఇప్పటికీ సగం తలతోనే తిరుగుతున్నాడని చెప్పుకుంటారు.

ఈ పేరు పెట్టిన మహాతల్లి ఎవరో కాదు, స్వయానా నీళ్ళక్క మొగుడి అక్క. వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు ఆవిడది. పెట్టె కన్నా నోరు వేడి. ఆవిడ గట్టిగా ఒక తిట్టు తిడితే బట్టల మడతలు వాటంతటవే పోతాయని, కరెంటు ఖర్చు కలిసొస్తుందని తమ్ముడే అనేవాడు. ఆ తమ్ముడు మోటార్లకి తీగ చుట్టే మేస్త్రీ. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కరెంటు పోయిన మోటారులా ఉండేవాడు.

"నా గ్లాసు ముట్టుకోకే," అనేది వదిన, మరదలు ఇంట్లోకి అడుగు పెట్టగానే. "ఇందాక ఎవరి పొట్ట పట్టుకొచ్చావో."

"చేతులకి తొడుగులేసుకుంటాం వదినా."

"నీ తొడుక్కి ఎవరే తొడుగేసింది?"

నీళ్ళక్క వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కునేది. ఇన్నేళ్ళుగా ఉప్పూ నిప్పూలా ఉన్నా, ఆ మాట ఒక్కరోజు వినపడకపోతే మాత్రం ఇద్దరికీ తోచేది కాదు.

ల్యాబు ఆస్పత్రి వెనక, మెట్లు దిగి వెళ్ళే గది. దానికొక కిటికీ ఉంది. తీస్తే ఎదురుగా గోడ. గదినిండా కరిగిన మైనం వాసన. సీసాలు ఒక్కోటి ఒక్కో రంగు. కొన్ని తేనెలా, కొన్ని కడిగిన మట్టిలా, కొన్ని పల్చటి నెత్తురులా. కొన్ని వచ్చేసరికి ఇంకా వెచ్చగానే ఉంటాయి. అలాంటి సీసా చేతిలోకి తీసుకుంటే ఎవరిదో నుదుటి మీద చెయ్యి వేసినట్టుంటుంది. ఒక్కోసారి సీసా చల్లబడేలోపే, పైనుంచి ఫోనొస్తుంది, ఆ మనిషి పోయాడని. నీళ్ళలో ఉన్న కణాలకి ఆ కబురు ఎవరు చెబుతారు? అవి ఫ్రిజ్జులో ఇంకా బతికే ఉంటాయి, కొన్నాళ్ళపాటు. మనిషిని పైన ఏడ్చి తీసుకెళ్ళిపోతారు, మనిషిలో ఒక గుక్కెడు కింద ఫ్రిజ్జులో మిగిలే ఉంటుంది. నీళ్ళక్క ఫ్రిజ్జు తలుపు తీసేటప్పుడు తట్టి తీసేది. ఎందుకని అడిగితే తలుపు గట్టిదనేది.

ఇక కణాల సంగతి వింటే నాటకాల వాళ్ళు సిగ్గుపడాలి. పొట్టకీ ఛాతీకీ లోపల గోడకి సున్నం వేసినట్టు సన్నటి పొర ఒకటుంటుంది. ఆ చోట వాపు వస్తే పొర కణాలు ఊడి నీళ్ళలో పడతాయి. పడి ఊరుకుంటాయా. ఉబ్బుతాయి, గుంపులు కడతాయి, అచ్చం క్యాన్సరు వేషం వేస్తాయి. అసలు క్యాన్సరు కణమేమో ఒక్కోసారి కొత్త కోడలిలా ఓ మూల తల వంచుకుని కూర్చుంటుంది. మొహం చూసి తేల్చబోతే ఎంత గొప్ప కన్నయినా మోసపోతుంది.

అందుకే మార్కర్లు. మార్కరంటే కణం ఒంటి మీద పుట్టుమచ్చ అనుకోవచ్చు. వేషం మార్చినా పుట్టుమచ్చ మారదు. దాన్ని వెతికి పట్టుకునే మందు వేస్తే, ఆ మచ్చ ఉన్న కణం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఒక మందు పొర కణాల్ని పట్టిస్తుంది, ఒకటి క్యాన్సరు కణాల్ని పట్టిస్తుంది. ఆ క్యాన్సరు ఏ అవయవంలో పుట్టిందో చెప్పేవి మరికొన్ని. నీళ్ళలో కరిగి ఉండే మార్కర్లని కొలిచే మిషను వేరే ఉంది. డాక్టరమ్మ మాత్రం ఏ ఒక్కదాని మాటా నమ్మదు. "నలుగురినీ అడగాలి, ఆ నలుగురూ ఒకే మాట చెప్పాలి," అంటుంది.

మరి మందే చెడిపోయి ఉంటే? ఆ అనుమానం తీర్చడానికే సాక్షమ్మ ఉంది.

సాక్షమ్మ మైనం దిమ్మలో ఉంటుంది. చిక్కుడు గింజంత ముక్క. ల్యాబు పాత భవనంలో ఉన్న రోజుల్లో ఎవరో ఒకావిడ పొట్టలో నీళ్ళు తీస్తే, అందులో గడ్డకట్టిన క్యాన్సరు అది. అండాశయంలో పుట్టినదని తెలుసు. ఆవిడెవరో, ఏ ఊరో, పిల్లలున్నారో లేదో ఎవరికీ తెలియదు. క్యాన్సరని ఖాయంగా తెలిసిన ముక్క కాబట్టి దాన్ని సాక్షిగా పెట్టుకున్నారు. రోజూ దాన్నుంచి ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి కోసి, గాజుపలక మీద ఒక చివర అతికిస్తారు. రెండో చివర రోగి తాలూకు పొర. ఇద్దరి మీదా ఒకే మందు. సాక్షమ్మ గోధుమ రంగుకి తిరిగిందా, మందు మంచిదే, రోగి గురించి అది చెప్పే మాటా నమ్మొచ్చు. తిరగలేదా, ఆ రోజుకి కోర్టు వాయిదా.

అలా పోయినావిడ రోజూ డ్యూటీకి వచ్చేది. జీతం లేదు, సెలవు లేదు. మైక్రోస్కోపులో చూస్తే ఆవిడ కణాల మధ్య గుండ్రటి సున్నపు పూసలుంటాయి. వలయంలో వలయం, మధ్యలో చుక్క. అచ్చం కనుపాపలు. పలకని ఎటు జరిపినా మనల్నే చూస్తుంటాయి. నీళ్ళక్క పొద్దున్నే దిమ్మ చేతిలోకి తీసుకుని, పక్కన ఎవరూ లేకపోతే, "రా తల్లీ, పిలుస్తున్నారు," అనేది. ఆ మాట అనని రోజున కత్తికి సాక్షమ్మ చుట్టలు చుట్టుకుపోయేదని, పొర సాఫీగా వచ్చేది కాదని ఆవిడ నమ్మకం.

ఒక ఏడాది వదినకి జలుబు చేసింది. జ్వరమొచ్చింది. ఇస్త్రీ ఆవిరి పీలిస్తే అదే పోతుందని కొట్టు మూయలేదు. జ్వరం పోయింది, ఆయాసం మిగిలింది. ముందు పెద్ద తిట్లు మానేసింది, తర్వాత చిన్న తిట్లు కూడా మానేసింది. వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం ఎవరూ ఎరగరు. కుక్కలు కూడా మలుపు దగ్గర ఆగి కొట్టు వైపు చూసి వెళ్ళేవి. చివరికి తమ్ముడు ఆస్పత్రికి తీసుకెళితే, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరాయన్నారు. సూదితో లాగారు. సీసా కిందికి వచ్చింది. వెచ్చగా ఉంది.

సొంత మనుషుల సీసా ముట్టుకోకూడదని నియమమేమీ లేదు కానీ, ఎవరూ ముట్టుకోరు. ఆ పని తెలిసిన రెండో ఆవిడ పురిటి సెలవులో ఉంది. నీళ్ళక్కకి తప్పలేదు. నీళ్ళని మిషన్లో గిరగిరా తిప్పి, అడుక్కి చేరిన కణాల్ని గడ్డ కట్టించి, మందుల్లో ఊరబెట్టింది. మర్నాడు దాన్ని, పొరలుగా కోయడానికి వీలుగా, మైనంలో పొదగాలి. ఆ పొద్దునే సాక్షమ్మ దిమ్మ కూడా పక్కకి ఒరిగి అరిగిపోయి ఉంది. దాన్ని కరిగించి, ముక్కని సరిగ్గా నిలబెట్టి మళ్ళీ మైనం పోయాలి. కరిగిన మైనంలోంచి సాక్షమ్మని ఫోర్సెప్స్ అనే చిన్న పట్టకారుతో పైకి తీసినప్పుడు, ఆ పాత ముక్క అంచు పొడిపొడిగా రాలుతోంది.

"ఇన్నేళ్ళుగా ఎంతమందినో చూశావు," అంది నీళ్ళక్క దానితో. కళ్ళు మసకబారాయి. "మా వదిన్ని కూడా కాస్త నువ్వే చూడు తల్లీ."

ఆ వెంటనే వదిన గడ్డని తీసి పక్క అచ్చులో పెట్టి మైనం పోసింది.

రెండురోజుల తర్వాత మామూలు రంగు వేసిన పలక డాక్టరమ్మ ముందుకొచ్చింది. నిండా ఉబ్బిన కణాలు, గుంపులు గుంపులు. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "ఏమీ చెప్పలేను, మార్కర్లు వెయ్యి," అంది. వేసింది. పొర కణాల మార్కరుకి వదిన కణాలన్నీ పలికాయి. మేం పొర వాళ్ళమే, వాపొచ్చి వేషాలేశాం అని ఒప్పేసుకున్నాయి. నీళ్ళక్కకి ప్రాణం లేచొచ్చింది. రెండో పలక ఎండాక, డాక్టరమ్మకి ఇచ్చేముందు, ఒక్కసారి కన్ను పెట్టింది. క్యాన్సరు మార్కరు. సాక్షమ్మ ఉన్న చివర గోధుమ రంగు. వదిన వైపుకి జరిపింది. తెలుపు, తెలుపు, తెలుపు. ఓ అంచున గోధుమ రంగు గుంపు ఒకటి. దాని మధ్యలో, వలయంలో వలయం, చుక్క. అది పైకి చూస్తోంది.

నీళ్ళక్క కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది. పలకని తిరగేసి పెట్టానేమో అనుకుంది. లేదు. సాక్షమ్మ చివర సాక్షమ్మ ఉంది. వదిన చివర కూడా సాక్షమ్మే ఉన్నట్టుంది.

ఆ సంగతి ఎవరికి చెబుతుంది? చూడమని అడిగాను, చూడ్డానికి వచ్చేసింది అని డాక్టరమ్మతో అంటే, మర్నాడే మనసు డాక్టరు దగ్గరికి పంపుతారు. నోరు మూసుకుంది.

నోరు మూసుకోవడం వచ్చు కానీ మొహం దాచుకోవడం ఆవిడకి రాదు. ఆ సాయంత్రం వదిన మంచం పక్కన చేరి కాళ్ళు పట్టింది. దిండు సరిచేసింది. "నీ గొంతు వినక వీధి బోసిపోయింది వదినా," అని కూడా అంది.

వదిన కళ్ళు చిట్లించింది. "ఏం కనపడిందే నా నీళ్ళలో?"

"ఇంకా రిపోర్టు రాలేదు వదినా."

"రిపోర్టు రాకుండానే నువ్వు మంచిదానివెలా అయిపోయావు? పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నా కాలి గోరు కూడా ముట్టుకోనిదానివి."

"ఊరికే."

"ఊరికే కాళ్ళు పట్టేది కన్నతల్లి ఒక్కతే. రెండోవాళ్ళు పట్టారంటే ఆ కాళ్ళు ఇంక నడవవనే." కాసేపు ఆయాసపడి, తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నాకని మొన్న కొలతిచ్చిన ఆ కళ్ళజోడు చెయ్యొద్దని కొట్టువాడికి చెప్పేసెయ్. ఎన్నాళ్ళు చూస్తానని."

తమ్ముడు తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. వదిన గొంతు తగ్గించింది. పగటి వెలుగు ఇంకా గదిలో ఉంది కానీ, ఆ గొంతుతో పాటే అదీ ఒక మెట్టు కిందికి దిగినట్టనిపించింది.

"ఒక సంగతి చెప్తా, నవ్వకు. లోపల ఎవరో ఉన్నారే. నేను ఎడమవైపు ఒత్తిగిలితే ఆవిడా బరువుగా ఇటు జరుగుతుంది. లేచి కూర్చుంటే కిందికి దిగి కూర్చుంటుంది."

అవి నీళ్ళు. పడుకుంటే పరుచుకుంటాయి, లేస్తే అడుక్కి దిగుతాయి. నీళ్ళక్కకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా అడిగింది. "ఆవిడ అని ఎందుకన్నావు వదినా?"

"మగాడైతే ఇంత ఓపిగ్గా కూర్చోడు కదే."

మర్నాడు డాక్టరమ్మ ఆ గుంపుని చూసి పెదవి విరిచింది. "ఒక్కటే గుంపు. అంచున. ఇంకా లోతుకి కోసి చూద్దాం." నీళ్ళక్క కోసింది. లోతుకి వెళ్ళేకొద్దీ గుంపు తగ్గలేదు, పెరిగింది. ఒక కన్నున్నచోట నాలుగయ్యాయి. దిమ్మలోంచి ఎవరో మెల్లగా మెట్లెక్కి పైకి వస్తున్నట్టుంది. నీళ్ళలో కరిగిన మార్కరు కొలిచిన మిషను మాత్రం తక్కువే చూపించింది. "తక్కువుందని క్యాన్సరు లేదనుకోడానికి లేదు," అంది డాక్టరమ్మ. "ఎక్కువుంటే అనుమానించాలి, అంతవరకే. ఇది ఎక్కడ పుట్టిందో అడుగుదాం."

అడిగారు. జవాబు గోధుమ రంగులో వచ్చింది. అండాశయం.

"మీ వదినకి పొట్టలో ఏమైనా నొప్పుండేదా? అండాశయాల స్కానింగు చేయించాలి," అంది డాక్టరమ్మ.

నీళ్ళక్క బల్ల అంచు పట్టుకుంది. "ఆవిడకి అవి లేవండీ. వయసులో ఉన్నప్పుడే గడ్డలున్నాయని గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అందుకే పిల్లల్లేరు."

లేని ఇంట్లో పుట్టిన మనిషి వీధిలో నడుస్తున్నట్టుంది మార్కరు చెప్పిన జవాబు.

"అరుదుగా జరుగుతుంది," అంది డాక్టరమ్మ చివరికి. "ఇల్లు పడగొట్టినా ఓ ఇటుక మిగిలిపోతుంది చూడు, అలా పొట్ట పొరలోంచి పుట్టుకురావచ్చు. అదే అయితే మందులు గట్టివి ఎక్కించాలి. ఆవిడ ఒళ్ళు తట్టుకుంటుందా?"

తట్టుకోదు. ఆ ఆయాసం చూసిన ఎవరైనా ఆ మాటే చెబుతారు. రిపోర్టు మీద డాక్టరమ్మ సంతకం పడిందా, వదినకి ఆ మందులు మొదలవుతాయి. పడకపోతే, నిజంగా క్యాన్సరే అయితే, రోజులు చేజారిపోతాయి. నీళ్ళక్కకి ముందు నుయ్యి వెనక గొయ్యి.

డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. ఇద్దరు కలిసి చూసే మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. చెరో పక్కా కన్ను పెట్టారు. డాక్టరమ్మ పలకని ఒక చివర నుంచి రెండో చివరకి జరిపింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి.

"నీకేమనిపిస్తోంది?"

"కళ్ళండీ," అంది నీళ్ళక్క. ఆపుకోలేకపోయింది. "రెండు పక్కలా ఒకావిడే చూస్తోందండీ."

డాక్టరమ్మ తల ఎత్తింది. "ఎప్పట్నుంచి అనిపిస్తోంది?"

"మొదటి పలక నుంచీనండీ. దయ్యం అంటే మీరు తిడతారని."

"దయ్యమంటే తిట్టేదాన్నే. పోలికుందని చెప్పాల్సింది, చెప్పనందుకు ఇప్పుడు తిడతాను." డాక్టరమ్మ లేచి గదిలో ఇటూ అటూ నడిచింది. "సాక్షమ్మ మైనం ఎప్పుడు మార్చావు?"

"వదిన గడ్డ పొదిగిన పొద్దునేనండీ."

"ముందు ఏది?"

"సాక్షమ్మ."

"తర్వాత?"

"వదిన."

"మధ్యలో ఫోర్సెప్స్ తుడిచావా?"

నీళ్ళక్క ఆ పొద్దుటిని వెతుక్కుంది. కరిగిన మైనం, రాలిపోతున్న అంచు, తను అన్న మాట. చేతిలో గుడ్డ ఉన్నమాట నిజమే. దాంతో ఏం తుడిచిందో కూడా గుర్తొచ్చింది.

"కళ్ళు తుడుచుకున్నానండీ," అంది.

డాక్టరమ్మ వెంటనే తిట్టలేదు. దానికే నీళ్ళక్కకి ఎక్కువ భయమేసింది. ఇసుక రేణువంత సాక్షమ్మ, ఫోర్సెప్స్ కొనకి అంటుకుని, వదిన గడ్డ పక్కన దిగి, మైనం గడ్డకట్టేదాకా కదలకుండా కూర్చుంది. కోసేకొద్దీ పైకి వచ్చింది. పలకల మీద అన్ని ప్రశ్నలకీ తన జవాబు తనే చెప్పింది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఎవరిదో నోట్లో కూర్చుని తన నిజం చెప్పింది, అంతే.

"అయితే వదినకి లేదన్నట్టేనాండీ?"

"అన్నట్టు అంటే కుదరదు. ఉండకూడదని నువ్వు కోరుకోవడం వేరు, లేకపోవడం వేరు. మొదటి సీసాలో మిగిలిన నీళ్ళు ఫ్రిజ్జులో ఉన్నాయిగా. వాటితో కొత్త దిమ్మ చెయ్యి. మీ వదినకి నీళ్ళు మళ్ళీ చేరాయంటున్నారు, అవీ తీయిస్తాను. రెండిట్లోనూ ఏమీ లేకపోతే అప్పుడు మాట్లాడదాం. ఉంటే, ఈ పోలిక మన భ్రమ."

ఆ మాట విన్నాక నీళ్ళక్క అన్నం మెతుకులు లెక్కపెట్టడమే తప్ప తిన్నది లేదు. ఫోర్సెప్స్ కొత్తది విప్పింది. అచ్చులు కొత్తవి. సాక్షమ్మని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం వేశాక మళ్ళీ తలుపు దగ్గర చెవి పెట్టి విన్నదని కూడా అంటారు. అంతదూరం వెళ్ళి ఉండదు. తాళం మాత్రం లాగి చూసింది, నిజమే. గడ్డ పొదిగేటప్పుడు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, మైనంతో సహా. పొరలు కోసి పలకలకెక్కించాకే, చివరి క్షణంలో, సాక్షమ్మని బయటికి తీసి వేరే కత్తితో కోసి, ఆ పొరని వేరే నీళ్ళతొట్టిలో తేల్చి పలక చివర అతికించింది. ఆవిడ లేకుండా పరీక్ష చెల్లదు మరి. అనుమానం ఎవరి మీదో, సాక్ష్యం కూడా ఆవిడే చెప్పాలి.

పలకలు ఎండాయి. ఈసారి ముందుగా కన్ను పెట్టే ధైర్యం లేక, నేరుగా డాక్టరమ్మ చేతికిచ్చి గోడ వైపు తెరుచుకునే కిటికీ దగ్గర నిలబడింది. వెనక పలక జరుగుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ జరిగింది. ఇంకో పలక పెట్టిన చప్పుడు. ఆ కిటికీ ఎదుట గోడకి చెమ్మ వలయాలు వలయాలుగా పట్టింది. నీళ్ళక్క కళ్ళు మూసుకుంది.

"సాక్షమ్మ తన చోట తను ఉంది," అంది డాక్టరమ్మ. "మీ వదిన వైపు ఎవరూ లేరు. రెండు సీసాల్లోనూ. అన్నీ పొర కణాలే, వాపుకి ఉబ్బినవి. నిమ్ము చేసి సరిగ్గా తగ్గనివ్వలేదు, దాని నీళ్ళు ఇవి. మందులతో పోతాయి." కాస్త ఆగి, "రేపట్నుంచి ఒక ఫోర్సెప్స్ సాక్షమ్మకే వేరుగా పెట్టు. ఏడవాలనిపిస్తే బయటికెళ్ళి ఏడువు," అని, ఇందాకటి నుంచి దాచిపెట్టిన తిట్లన్నీ అప్పుడు తిట్టింది. నీళ్ళక్క వాటిని పాటలా విన్నది.

వదినకి నిజం దాచలేదు. దాచినా ఆవిడ లాగేస్తుంది. అంతా విని, మంచం మీద లేచి కూర్చుంది.

"అయితే నా ఒంట్లోకి ఇంకొకావిడని పంపించావన్నమాట."

"ఒంట్లోకి కాదు వదినా, మైనంలోకి."

"నువ్వు మైనమంటావు. నా పక్కన పడుకుంది నాకు తెలియదా." మందులు మొదలుపెట్టాక ఆ బరువు తగ్గింది, ఊపిరి అందుతోంది. అయినా ఆ మాట మాత్రం వదల్లేదు. "నాకు చూపించు ఆవిడని."

"అలా బయటివాళ్ళని రానివ్వరు."

"నేను బయటిదాన్నెలా అవుతానే? నేను లోపలిదాన్ని. దిమ్మలో ఉన్నానుగా."

డాక్టరమ్మ దగ్గర ఆ మాట చెబితే, ఆవిడ నవ్వకుండా, తీసుకురమ్మంది.

వదిన మెట్లు మెల్లగా దిగింది. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, నీళ్ళక్క చక్రం తిప్పి మసక తొలగించింది. వదిన ఒక్కసారి వెనక్కి జరిగి, మళ్ళీ వంగింది.

"ఎన్ని కళ్ళే."

"కళ్ళు కావు వదినా. సున్నం. పూసలు కట్టింది."

"చూస్తోంది."

"అందరికీ అలాగే ఉంటుంది."

"ఎప్పుడు పోయింది?"

"తెలియదు. నేను చేరకముందే."

"జబ్బు ముదిరి పోయిందా, మందులెక్కిస్తే తట్టుకోలేక పోయిందా?"

"అదీ తెలియదు. పాత భవనంలో కాగితాలన్నీ చెదలు తినేశాయి."

వదిన కన్ను తీయలేదు. "మరి పోయిందని నీకెవరు చెప్పారే?"

నీళ్ళక్కకి చెప్పిన పెద్దావిడ ఒకామె ఉండేది, ఎప్పుడో రిటైరయింది. ఆమెకి ఎవరు చెప్పారు? క్యాన్సరు ముక్క కదా, పోయే ఉంటుందని ఎవరో అనుకుని ఉంటారు. ఆ అనుకున్నది ఒకరి నోటినుంచి ఒకరికి వచ్చింది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే పొర కోస్తూ, పోయినావిడ, పోయినావిడ అని తనూ అంటూనే వచ్చింది. ఆవిడ పోవడం ఒక్కరూ చూసింది లేదు.

"అందరూ అలాగే అంటారు వదినా."

"నేను పోతాననీ అందరూ అనుకున్నారుగా."

వదిన లేచింది. దీపం ఆర్పమని తనే చెప్పింది. ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. వరండాలో బల్లల నిండా జనం. చాలామంది ఆడవాళ్ళు, చేతుల్లో సంచులు, ఒళ్ళో ఎక్స్‌రే కవర్లు. నీళ్ళక్క మామూలుగా అయితే ఎవరి మొహమూ చూడకుండా గబగబా నడిచేది. ఆ రోజు, బతికుంటే సాక్షమ్మ వీళ్ళలో ఎవరైనా కావచ్చనుకుని, ఒక్కొక్కరినీ చూస్తూ నడిచింది. ఎవరి వంక చూసినా వాళ్ళు ఆవిడ వంకే చూస్తున్నారు.

బల్ల చివర ఒక ముసలావిడ కూర్చుని ఉంది, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని. వదినకి మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. ఆ బల్ల ముందు ఆగింది. చోటు అడుగుదామని నోరు తెరిచేలోపే ముసలావిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

వదిన కూర్చుంది.